ఎనిమిది మిల్లీమీటర్ల పట్టు

జనవరి దాటిందంటే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో రద్దీ తీరు మారుతుంది. జావా, పైథాన్, టెస్టింగ్ అంటూ కరపత్రాలు పంచే చోటే బీటెక్ ఆఖరి ఏడాది ఈసీఈ పిల్లలు భుజాన బ్యాగు, చేతిలో అట్టపెట్టె పట్టుకుని తిరుగుతుంటారు. పెట్టెలో ఉన్నది ప్రాజెక్టు. ప్రాజెక్టంటే సాధారణంగా ఓ తెల్ల ప్లాస్టిక్ పలక, దాని నిండా రంగురంగుల వైర్లు, మధ్యలో ఓ మైక్రోకంట్రోలరు, చివర్న వేలాడే సెన్సరు. రాత్రి హాస్టల్లో పనిచేసింది. పొద్దున ఆటో దిగాక పనిచేయదు. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే: లూజ్ కాంటాక్టు.

కోడు రాయడం నేర్పుతామనే బోర్డులు అమీర్‌పేట గోడల నిండా ఉన్నాయి. పిన్నును కన్నంలో ఎలా దించాలో నేర్పుతామన్న బోర్డు నాకెక్కడా కనపడలేదు. సిలబస్‌లో లేని పని, మార్కులు రాని పని. కానీ పైన రాసిన కోడంతా నిలబడేది దాని మీదే. టంకం లేదు, జిగురు లేదు, మర లేదు. వేలితో నొక్కితే పట్టుకోవాలి, వేలితో లాగితే వదిలెయ్యాలి, ఈ మధ్యలో ఎన్నాళ్లయినా కరెంటు తెగకూడదు. గట్టిగా పట్టేది తేలిగ్గా వదలదు, తేలిగ్గా వదిలేది గట్టిగా పట్టదు. వంద రూపాయలకు అటూ ఇటుగా దొరికే ఆ తెల్ల పలక, అంటే బ్రెడ్‌బోర్డు, ఈ పేచీని తెంచిన తీరు చూస్తుంటే, పెద్ద పెద్ద యంత్రాల ముందు కూడా కలగని గౌరవం నాకు దీని మీద కలుగుతుంది.

బజార్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఎంబీ-102 అనే రకం. మొత్తం 830 కన్నాలు. నడిమధ్య ఓ గాడి, గాడికి అటు ఐదు, ఇటు ఐదు కన్నాలతో 63 వరుసలు. అవి 630. అంచుల వెంట ఎర్రగీత, నీలంగీతల పక్కన కరెంటు కోసం నాలుగు పొడుగు వరుసలు, ఒక్కోదానికి 50 చొప్పున 200. కాలేజీ ల్యాబుల్లో కనిపించే జీఎల్-12లో కన్నాలు 840. ఎవరు తయారుచేసినా కన్నానికీ కన్నానికీ మధ్య దూరం మాత్రం 2.54 మిల్లీమీటర్లే, అంటే అంగుళంలో పదో వంతు. గాడికి ఆ ఒడ్డున ఉన్న కన్నానికీ ఈ ఒడ్డున ఉన్న కన్నానికీ దూరం 7.62, సరిగ్గా మూడు గళ్లు.

ఈ కొలతలు బ్రెడ్‌బోర్డుకు ఐసీల నుంచి వచ్చాయి. 1964లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ కంపెనీ రెండు వరుసల కాళ్లున్న ఐసీ పెట్టెను రూపొందించింది. డీఐపీ అంటామే, ఆ నల్ల జెర్రి అదే. అంతకుముందు రేడియో పిచ్చి ఉన్నవాళ్లు నిజంగానే రొట్టె కోసుకునే చెక్కపలక తెచ్చి, దానికి మేకులు కొట్టి, మేకులకు వైర్లు చుట్టి సర్క్యూట్లు కట్టేవారు. జెర్రికాళ్లకు మేకులు సరిపడవు. కనెటికట్ రాష్ట్రంలోని డెర్బీలో ఈ అండ్ ఎల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే సంస్థ ఉండేది. అక్కడ రొనాల్డ్ పోర్చుగల్ అనే ఆయన ఇప్పుడు మనం చూస్తున్న ఆకారానికి 1971లో డిజైన్ పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1973లో అది చేతికొచ్చింది. యాభై ఏళ్లు దాటాయి. ఫోన్లు మారాయి, టీవీలు మారాయి, ఈ పలక మాత్రం గాడితో సహా అలాగే ఉంది.

పైనుంచి చూస్తే కన్నాలే కనిపిస్తాయి. అసలు పనితనం అడుగున ఉంది. పనికిరాని పాత బోర్డు ఒకటి చేతికి దొరికితే వెనక అంటించిన టేపును ఓ మూల నుంచి మెల్లగా ఎత్తండి. మంచి బోర్డుతో మాత్రం ఈ ప్రయోగం వద్దు, టేపుతో పాటు లోపలి లోహమంతా ఊడి ఒళ్లో పడుతుంది. ప్రతి వరుసకూ ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది. అందులో ఐదు జతల రేకులు. ఒక్కో జతనూ పక్క నుంచి చూస్తే, రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టబోయి, వేళ్ల కొసలు మాత్రం విచ్చుకున్నట్టు ఉంటుంది. అడుగున కలిసి, పైకొచ్చే కొద్దీ దగ్గరై, మెడ దగ్గర దాదాపు ఆనుకుని, మూతి దగ్గర మళ్లీ బయటికి వంగుతాయి. ఆ వంపులో ప్రతి మలుపుకూ ఓ పని ఉంది. విచ్చుకున్న మూతి పిన్ను కొసను దారిలోకి తెస్తుంది, మీరు కాస్త పక్కకు గురిపెట్టినా సర్దుకుంటుంది. మెడ దగ్గరి ఇరుకే పట్టు. కింది పొడుగు భాగం స్ప్రింగు. పిన్ను మెడలోకి దిగగానే రేకులు విడిపోయి, వెంటనే మళ్లీ దగ్గరికి రావాలని చూస్తాయి. పిన్నును పట్టి ఉంచేది ఆ తహతహే.

మంచి బోర్డుల్లో ఈ రేకు ఫాస్ఫర్ బ్రాంజ్. రాగిలో కాస్త తగరం, ఏ మూలో ఇంత ఫాస్ఫరస్. ఒట్టి రాగి కరెంటును బ్రహ్మాండంగా మోస్తుంది కానీ వంచితే వంగినట్టే ఉండిపోతుంది, వెనక్కి రాదు. తగరం కలిశాక కరెంటు మోసే శక్తి రాగితో పోలిస్తే 15 శాతానికి పడిపోతుంది, బదులుగా స్ప్రింగు గుణం వస్తుంది. ఇంత పొట్టి పట్టీలో ఆ నష్టం లెక్కలోకి రాదు, పట్టు వదులైతే మాత్రం సర్వం పోతుంది. అందుకే ఆ బేరం. రేకు పైన నికెల్ లాంటి పూత కూడా వేస్తారు, తుప్పు పట్టకుండా.

ఈ పట్టీని ఎవరూ కూర్చుని వంచరు. పలుచటి లోహపు రిబ్బన్‌ను ప్రెస్సులో ఒక్కో అడుగూ ముందుకు జరుపుతూ, ఒక దెబ్బకు కోసి, ఇంకో దెబ్బకు వంచి, మరో దెబ్బకు మూతి విచ్చి, చివరి దెబ్బకు విడదీస్తారు. ఆ అచ్చును చెక్కినవాడి పనితనమే లక్షల పట్టీల్లోకి దిగుతుంది. అమీర్‌పేట నుంచి బాలానగర్ ఎంతో దూరం లేదు. అక్కడ 1968 నుంచీ ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో నేర్పేది ఇలాంటి అచ్చుల విద్యే. మైత్రీవనంలో కోర్సుల ఫీజులు కనుక్కునే పిల్లల్లో ఎంతమంది అటువైపు చూస్తారో మరి.

ఇక పిన్ను సంగతి. మనవాళ్లు బర్గ్ స్ట్రిప్పు అని పిలిచే నలభై పిన్నుల పట్టీ ఉంది కదా, అందులో ఒక్కో పిన్నూ 0.64 మిల్లీమీటర్ల నలుచదరం. బ్రెడ్‌బోర్డు పనికి అందరూ చెప్పే 22 గేజి సింగిల్ స్ట్రాండ్ వైరు మందం కూడా దాదాపు 0.64 మిల్లీమీటర్లే. ఒకటి నలుచదరం, ఒకటి గుండ్రం, అయినా రేకులు తెరుచుకోవలసిన మేర ఒకటే. పిన్నును కాస్త తిప్పి మూలవాటంగా దూర్చామా, ఆ మేర 0.9కి చేరుతుంది. స్ప్రింగు ఓర్చుకునే హద్దు అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఆ హద్దు దాటితే రేకు వెనక్కి రాదు. ఆ తర్వాత ఆ కన్నంలో లావు కాళ్లు నిలుస్తాయి, సన్నకాళ్లు ఊగుతాయి. 1ఎన్4007 డయోడు కాళ్లు ఆ హద్దు మీదే ఉంటాయి. దాని అన్న 1ఎన్5408 కాళ్లయితే మిల్లీమీటరు దాటుతాయి, వాటిని బలవంతాన దూర్చిన కన్నం మీద ఇక ఆశ వదులుకోవచ్చు. అలాంటివాటికి ఓ చిన్న సన్న వైరు ముక్క టంకం పెట్టి, ఆ ముక్కను దించాలి.

లోపల ఇంకో విశేషం ఉంది. రేకూ పిన్నూ రెండూ నున్నగా కనిపిస్తాయి కానీ సూక్ష్మంగా చూస్తే కొండలూ లోయలే. నిజంగా తాకేది ఏ కొన్ని శిఖరాలో. ఆ శిఖరాల మీద కూడా గాలికి పట్టిన పలుచటి పొర ఉంటుంది. పిన్ను నిలువుగా జారుతూ దిగితే రేకు దాన్ని గీరుతుంది, పొర చెదిరి లోహానికి లోహం తగులుతుంది. అందుకే చాలా రోజులు కదపని సర్క్యూటు మొరాయిస్తే అనుభవం ఉన్నవాళ్లు వైరును పూర్తిగా పీకి మళ్లీ దించుతారు. ఉన్నచోటే అటూ ఇటూ ఊపేవాళ్లు మాత్రం తెలియక మెడను వదులు చేస్తున్నారన్నమాట.

శ్రీనగర్ కాలనీ నుంచి యల్లారెడ్డిగూడ వైపు దిగే సందుల్లో ఒకచోట, కింది పోర్షన్‌లో ముందుగది అద్దెకు తీసుకుని ప్రాజెక్టులు కట్టిచ్చే ఒకాయన పనిచేస్తుంటే చూశాను. యాభై దాటిన మనిషి. పిల్లలంతా అన్నా అనే పిలుస్తారు. ఓ కుర్రాడు పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాడు. బోర్డు మీద జంపర్ వైర్లు గుబురుగా లేచి ఉన్నాయి.

"అన్నా, కోడ్ మొత్తం కరెక్టే అన్నా. రాత్రి వచ్చింది. ఇప్పుడు వస్తలేదు."

"కోడ్ సంగతి తర్వాత చూద్దాం తమ్మీ. ముందుగాల వైర్లు పీకు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన దగ్గర జంపర్ వైర్లు లేవు. పాత టెలిఫోన్ కేబుల్‌ను చీల్చి తీసిన రంగు తీగల కట్ట ఉంది, అర మిల్లీమీటరు రాగి, ఒంటి తీగ. ఎరుపు ఐదు వోల్టులకు, నలుపు గ్రౌండుకు, మిగతా రంగులు సిగ్నళ్లకు. ఒక తీగను బోర్డు మీద రెండు కన్నాల మధ్య పడుకోబెట్టి కొలిచాడు. నోస్ ప్లయర్ మూతితో ఆ కొలత దగ్గర పట్టి నిట్టనిలువుగా వంచాడు. రెండో కొసా అంతే. తర్వాత తొడుగు ఒలవడం. ఎనిమిది మిల్లీమీటర్లు. స్కేలు పెట్టలేదు, ప్లయర్ మూతి మీద గీసుకున్న గీతే ఆయన స్కేలు. అంతకన్నా తక్కువ ఒలిస్తే ప్లాస్టిక్ తొడుగే మెడలో ఇరుక్కుంటుంది. పైకి గట్టిగా దిగినట్టే ఉంటుంది, లోపల కరెంటు ఉండదు. ఎక్కువ ఒలిస్తే పైన మిగిలిన రాగి పక్క వైరుకు తగులుతుంది. చివర్న కట్టర్‌తో కొసను కొంచెం ఏటవాలుగా కోశాడు. తిన్నగా కోసిన తీగకు అంచున చిన్న ముల్లు మిగిలి రేకును గీస్తుంది, ఏటవాలు కొస మూతిలోకి దానంతటదే జారుతుంది.

కుర్రాడు ఒకటి తీసుకుని వేలితో పైనుంచి అదిమాడు. తీగ మధ్యలో వంకర పోయింది.

"నూకకు. కింది కొసకు దగ్గర ప్లయర్‌తోని పట్టుకో, నిలువుగ దించు. అదే పోతది."

నిజంగానే పోయింది. దగ్గరగా చూస్తే ఆ దిగడంలో మూడు ఘట్టాలు చేతికి తెలుస్తాయి. మొదట ఏ అడ్డూ ఉండదు, అది మూతి. తర్వాత చిన్నగా ఎదురు నెడుతుంది, అది మెడ. ఆ ఎదురును దాటగానే ఒత్తిడి తగ్గి మెత్తగా జారుతూ అడుగుకు చేరుతుంది. రెండో ఘట్టం తగలకుండా తీగ నేరుగా అడుగుకు పోతే ఆ కన్నం అలిసిపోయిందని అర్థం. రెండో ఘట్టం దాటక ముందే ఆగిపోతే తొడుగు అడ్డుపడిందనో, రేకు మడత పడిందనో. ఈ తేడాలు ఆయన వేలికి తెలిసినంత త్వరగా మల్టీమీటరుకు తెలియవు.

పని ముగిసేసరికి వైర్లన్నీ బోర్డుకు ఆనుకుని పడుకున్నాయి. ఒక్కటీ పైకి లేచి లేదు. బోర్డును బ్యాగులో పెట్టినా చెయ్యి తగిలి ఊడేది ఏదీ ఉండదు, ఎక్కడి నుంచి ఎక్కడికో కంటితో చదువుకోవచ్చు. అందంగా కనపడాలని కట్టింది కాదు, కానీ చాలా అందంగా ఉంది.

అలాగని జంపర్ వైర్లను తీసిపారేయలేం. అందరికీ ఆ ఓపిక ఉండదు, అవసరమూ లేదు. కానీ వాటి రోగం వేరు, దాన్ని బ్రెడ్‌బోర్డు నెత్తిన రుద్దకూడదు. జంపర్ కొసన నల్ల ప్లాస్టిక్ తొడుగు లోపల పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ఒక జత రాగి పోగులను, ఇంకో జత వైరు తొడుగును బిగించి పట్టాలి. చవకరకంలో రెండో జత సరిగ్గా మూసుకోదు. పట్టి లాగిన ప్రతిసారీ బరువంతా రాగి పోగుల మీద పడి ఒక్కొక్కటే తెగుతాయి. పిన్ను కన్నంలో దిట్టంగానే ఉంటుంది, వైరు మాత్రం తొడుగులో ఉత్తినే కూర్చుని ఉంటుంది. అందుకే కొత్త కట్ట కొనగానే ఒక్కోదాన్నీ మెత్తగా లాగి, మల్టీమీటరు బీప్ పెట్టి చూసుకోవడం మేలు. లాగేటప్పుడు ఎప్పుడూ నల్ల తొడుగునే పట్టాలి.

ఐసీల దగ్గరికి వస్తే ఓర్పు ఇంకాస్త కావాలి. గొట్టంలోంచి తీసిన కొత్త ఐసీ కాళ్లు కొంచెం ఎడంగా, బయటికి వాలి ఉంటాయి. కన్నాల దూరం 7.62, కాళ్లు అంతకన్నా వెడల్పు. అలాగే పెట్టి నొక్కితే ఒక కాలు పొట్ట కిందికి మడుచుకుపోతుంది. పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే కనపడుతుంది, గంటల తరబడి మనిషిని ఏడిపిస్తుంది. దానికి మందు తేలిక. ఐసీని ఓ పక్కకు పడుకోబెట్టి, బల్లకు ఆనించి ఒక వరుస కాళ్లన్నీ ఒకేసారి కొద్దిగా లోపలికి వాలేలా దొర్లించాలి. తర్వాత రెండో వైపు. ఒక్కో కాలినీ విడిగా వంచితే వరుస వంకర పోతుంది.

ఐసీ కాలు పలుచటి పట్టీ, మందం పావు మిల్లీమీటరు, వెడల్పు దానికి దాదాపు రెట్టింపు. ఇంత సన్నది ఊగదేమని మొదట్లో నాకూ అనిపించింది. రేకులు ఏ దిక్కున మూసుకుంటాయో చూస్తే జవాబు దొరికింది. పట్టీలు గాడికి అడ్డంగా ఉంటాయి, రేకులు బోర్డు పొడవు వెంట ఎదురెదురుగా ఉంటాయి. ఐసీ కాలి వెడల్పు కూడా ఆ పొడవు వెంటే ఉంటుంది. అంటే రేకు పట్టేది పావు మిల్లీమీటరు మందాన్ని కాదు, వెడల్పు అంచులను. ఈ కిటుకు మిగతా పలకకాళ్లకూ పనికొస్తుంది. చదును కాళ్లున్న స్విచ్చి ఒక దిక్కున ఊగుతుంటే దాన్ని తొంభై డిగ్రీలు తిప్పి పెట్టండి, చాలాసార్లు కుదురుకుంటుంది. చిన్న పుష్ బటన్ల కథ వేరు. వాటి కాళ్లలో కావాలనే ఓ వంపు పెడతారు, పీసీబీ కన్నంలో ఇరుక్కుని ఉండటానికి. అదే వంపు బ్రెడ్‌బోర్డులో బటన్‌ను పైకి తన్నేస్తుంది. నోస్ ప్లయర్‌తో కాళ్లను చదును చేశాక దించాలి.

అమీర్‌పేటలో ఎంబెడెడ్ నేర్చుకున్న తరాలన్నిటికీ తెలిసిన 8051 మైక్రోకంట్రోలరు నలభై కాళ్లది. ఒక్కో మెడ చిన్న ఎదురే చూపినా, నలభై కలిస్తే బొటనవేలు నొప్పి పుట్టే బలం కావాలి. ఒక కొసన అదిమి ఇంకో కొసకు పోతే అది ఉయ్యాలలా దిగుతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి. రెండు కొసలా రెండు బొటనవేళ్లు పెట్టి, కొంచెం ఇటు, కొంచెం అటు, కొంచెం నడుమ. తీసేటప్పుడు అసలు పరీక్ష. వేళ్లతో పట్టి పీకితే ఒక కొస లేచి, రెండో కొస కాళ్లు మడతపడి, ఐసీ వేలికే గుచ్చుకుంటుంది. సన్న స్క్రూడ్రైవరును గాడిలోకి దూర్చి, ఓ పక్క ఇంత, ఇంకో పక్క ఇంత లేపాలి. ఆ గాడి ఐసీ పొట్ట కింద చోటు కోసమే ఉందనుకుంటాం గానీ, ఐసీని లేపేవాడికి కూడా అదే ఆసరా.

ఈమధ్య ఐసీల చోట్లోకి మాడ్యూళ్లు వచ్చాయి. వాటితో పాటు బర్గ్ పిన్నులు విడిగా వస్తాయి, టంకం మనమే పెట్టుకోవాలి. పిన్నుకు పొట్టికొస, పొడుగుకొస ఉంటాయి. పొట్టిది సుమారు మూడు మిల్లీమీటర్లు, పొడుగుది ఆరు. పొట్టిది మాడ్యూల్లోకి, పొడుగుది బ్రెడ్‌బోర్డులోకి. తిరగేసి పెట్టినవాళ్లను చూశాను. ప్లాస్టిక్ మందం దాటేసరికే ఆ మూడు మిల్లీమీటర్లూ అయిపోతాయి, కొస మెడకు అందీ అందనట్టు ఉంటుంది. మాడ్యూలు ముట్టుకుంటే ఆగిపోతుంది, వదిలేస్తే నడుస్తుంది. టంకం పెట్టేటప్పుడు పిన్నులు నిలువుగా నిలబడటానికి బ్రెడ్‌బోర్డునే అచ్చుగా వాడతారు. పొడుగుకొసలు కన్నాల్లో దించి, మాడ్యూలును పైన పరిచి, మొదట మూలలకు టంకం, వంకర లేదని చూసుకున్నాక మిగతావాటికి. ఉపాయం బంగారమే, కానీ సోల్డరింగ్ ఐరన్ కొస మూడొందల డిగ్రీల పైన ఉంటుంది, బోర్డు ఏబీఎస్ ప్లాస్టిక్ వందకు కాస్త పైనే మెత్తబడుతుంది. ఒక్కో పిన్ను మీద రెండు మూడు సెకన్లకు మించి ఆగితే వేడి పిన్ను వెంట దిగి కన్నాన్ని సాగదీస్తుంది. అందుకే పనిమంతులు ఈ పనికి ఓ ముసలి బోర్డును పక్కన పెట్టుకుంటారు.

రాస్‌బెర్రీ పై పికో 2021లో వచ్చింది. దాని రెండు వరుసల మధ్య 17.78 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఏడు గళ్లు. గాడికి అడ్డంగా కూర్చుని, రెండు వైపులా వైర్లకు కన్నాలు మిగులుస్తుంది. దాని ముందు ఈఎస్‌పీ32 బోర్డుల్లో చాలావాటిని చూస్తే జాలేస్తుంది. అంత వెడల్పున్న బోర్డును పెట్టాక ఒక వైపు ఒక్క వరుసే మిగులుతుంది, రెండో వైపు అదీ ఉండదు. రెండు బ్రెడ్‌బోర్డుల నుంచి చెరో కరెంటు పట్టీ విడదీసి, పక్కపక్కన చేర్చి, నడుమ దాన్ని కూర్చోబెట్టుకోవాలి. ఆర్డుయినో యూనో అయితే ఇంకో వింత. 7వ పిన్నుకూ 8వ పిన్నుకూ మధ్య దూరం రెండు గళ్లు ఉండాల్సింది, 0.16 అంగుళాలే ఉంది. దాదాపు అర గడి తక్కువ. తర్వాత ఎన్ని లక్షల బోర్డులు అమ్ముడైనా, అప్పటికే దానికి సరిపడే, పైన అమర్చే షీల్డు బోర్డులు లోకం నిండా ఉన్నాయి కాబట్టి దాన్ని దిద్దలేదు. మిగతా పిన్నులన్నీ గళ్లలోకి వస్తాయి, 8తో మొదలయ్యే ఆ వరుస మాత్రం రాదు.

బ్రెడ్‌బోర్డు చేయలేనివి లేకపోలేదు. పక్కపక్క పట్టీల మధ్య కొద్ది పికోఫారడ్ల కెపాసిటెన్సు ఎప్పుడూ ఉంటుంది, వేగం ఎక్కువున్న సిగ్నళ్లకు అది పడదు. ఒక ఆంపియరుకు మించి కరెంటు పంపకూడదు. మోటార్ల కరెంటును పక్క పట్టాల గుండా లాగితే మోటారు తిరిగిన ప్రతిసారీ కంట్రోలరు రీసెట్ అవుతుంది, పాపం కుర్రాడు కోడులో తప్పు వెతుకుతుంటాడు. పొడుగు బోర్డుల్లో కొన్నిటికి ఆ పట్టాలు నడుమ తెగి ఉంటాయి. ఎర్రగీత కూడా అక్కడ తెగి ఉంటుంది, కానీ గీతను ఎవరు చూస్తారు?

కొనేటప్పుడు జేబులో ఒక బర్గ్ పిన్ను వేసుకెళ్లడం మంచిది. అమీర్‌పేటలో ఎర్ర లైను మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగితే కోఠి గుజరాతీ గల్లీ నడిచే దూరం. అక్కడ అన్ని రకాలూ ఉంటాయి. దుకాణంలోనే పది పన్నెండు చోట్ల పిన్ను దించి చూడాలి. ఎదురు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట రాయిలా, ఒకచోట వెన్నలా ఉంటే ఆ అచ్చు అరిగిపోయిందని. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇంత జాగ్రత్తపడ్డా బోర్డు మధ్య భాగమే ముందు అలిసిపోతుంది, ఐసీలన్నీ అక్కడే కూర్చుంటాయి కాబట్టి. శ్రీనగర్ కాలనీ అన్న దానికీ ఓ దారి కనిపెట్టాడు. అలిసిన వరుస దగ్గర వెనక టేపును బ్లేడుతో చిన్న కిటికీలా కోసి, పైనుంచి పిన్నుతో పొడిచి పాత పట్టీని కిందికి నెట్టి, ఆఖరి వరుసలోని పట్టీని అలాగే తీసి దాని చోట్లో దించి, టేపు మూసేస్తాడు. ఆఖరి వరుస ఖాళీ అయిపోయింది కదా అని కుర్రాడు అడిగాడు.

"అరవై మూడో వరుస ఎన్నడన్న వాడినవా తమ్మీ?" అంటూ బోర్డును తిప్పి, ఆ వరుస మీద స్కెచ్ పెన్నుతో నల్లగా గీత కొట్టి, పెట్టెలో పెట్టి చేతికిచ్చాడు.